పెళ్ళి తాంబూలంలో చాక్లెట్: బరంపురం నుంచి జయపురం దాకా ఏది పెడితే నిలుస్తుంది?

వచ్చినవాళ్ళకి చాక్లెట్ ఇద్దామని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక అసలు తర్జనభర్జన మొదలవుతుంది. కంపెనీ బార్లకు పేర్లు అచ్చేసిన కాగితం చుట్టించాలా? ఇంట్లోనే అచ్చులు పోసుకోవాలా? పలాస జీడిపప్పుకి చాక్లెట్ పూత పట్టించాలా? చాలామంది డబ్బా అందం చూసి, ధర చూసి తేల్చేస్తారు. అంతకన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. ముహూర్తం ఏ నెలలో పడింది, ఆ పొట్లం అతిథి చేతికి ఎక్కడ అందుతుంది. ఇవి తేలితే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది.

వేడి సంగతి

అసలైన చాక్లెట్‌ని పట్టి ఉంచేది కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు. అది 28, 30 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, 34 దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. నోట్లో వేసుకోగానే కరిగే సుఖం అందువల్లే, సంచిలో కరిగే కష్టమూ అందువల్లే. పాల చాక్లెట్‌లో పాలకొవ్వు కూడా ఉంటుంది కాబట్టి ఇంకాస్త ముందే జారుతుంది. డార్క్ రకం కొంచెం ఎక్కువ ఆగుతుంది. కాంపౌండ్ అని అమ్మేదానిలో కోకో బటర్ బదులు పామ్ గింజల నూనె లాంటి కొవ్వు ఉంటుంది. అది మరి నాలుగైదు డిగ్రీలు ఓర్చుకుంటుంది. రుచి మాత్రం ఒక మెట్టు కిందే, తిన్నాక అంగిట్లో కాస్త జిడ్డు మిగులుతుంది.

ఇప్పుడు దక్షిణ ఒడిశాలో మన ఊళ్ళు చూడండి. మాఘం, ఫాల్గుణంలో ముహూర్తమైతే బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా ఏ చాక్లెట్ అయినా పెట్టుకోవచ్చు. వైశాఖం, జ్యేష్ఠంలో బరంపురం మధ్యాహ్నాలు 35 దాటడం మామూలే, దానికి తోడు సముద్రపు ఉక్క. గుణుపురం, రాయగడ వైపు ఉక్క తక్కువ, ఎండ ఎక్కువ. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు. జయపురం అంతకన్నా కిందికి ఉంటుంది, కోరాపుట్ చల్లదనం అక్కడా ఉంటుందని లెక్క వేసుకోకండి. శ్రావణంలో ఎండ బాధ తక్కువే గాని గాలిలో తడి ఎక్కువ. కాగితం సంచులు మెత్తబడతాయి, చాక్లెట్ మీద చక్కెర పొర తేలుతుంది.

ఆ తెల్లటి పొర గురించి ముందే తెలిసుండాలి. అది రెండు రకాలు. చాక్లెట్ కరిగి మళ్ళీ గడ్డకడితే కొవ్వు పైకి తేలి బూడిదరంగు మచ్చలు వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చాక్లెట్‌కి ఉక్కగాలి తగిలితే పైన నీళ్ళు పట్టి, చక్కెర కరిగి, ఆరాక గరుకుగా తెల్లబడుతుంది. రెండూ తింటే హాని లేదు. కానీ అతిథికి అది బూజులా కనిపిస్తుంది, పాత సరుకు అంటగట్టారనుకుంటారు. పెళ్ళివారికి ఆ మాట రాకూడదు.

సంచిలో పక్కన ఏముంది?

తాంబూలం సంచిలో కొబ్బరికాయో బొండమో ఉంటుంది, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పసుపు కుంకుమ పొట్లాలు, రవికగుడ్డ ఉంటాయి. వీటిలో చాక్లెట్‌కి పడనివే ఎక్కువ. తమలపాకులు తడిపి పెడతారు, ఆ తడి డబ్బా అట్టలోకి దిగుతుంది. కొబ్బరికాయ అరకిలో బరువు, సన్నని డబ్బా నలిగిపోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, వాసన ఒక ఎత్తు. కొవ్వు పదార్థం దేని పక్కనుంటే దాని వాసన పీల్చుకుంటుంది. పసుపు, కర్పూరం, అగరొత్తుల పక్కన రాత్రంతా ఉన్న చాక్లెట్ తెల్లారేసరికి పూజగది వాసన వేస్తుంది. రేకు పొరలో గట్టిగా చుట్టినది తట్టుకుంటుంది. ఉత్త ప్లాస్టిక్ కాగితంలో ముడి వేసినది తట్టుకోదు.

అందుకే గట్టిగా చెప్తున్న మాట: తాంబూలాన్ని తాంబూలంగానే ఉంచండి. ఆకు, వక్క, పండు, పసుపు కుంకుమ తీసేసి వాటి స్థానంలో చాక్లెట్ పెడితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, అది న్యాయమే. చాక్లెట్‌ని విడిగా, భోజనాలయ్యాక బయటికి వెళ్ళే గుమ్మం దగ్గర చేతికివ్వండి. వేసవిలో అయితే ఇది తప్పనిసరి.

ఎంచుకునేముందు సరిచూసుకోవాల్సినవి

వేడికి ఎంత ఆగుతుందన్నది మొదటిది. తర్వాత ఎన్ని రోజులు నిలవుంటుంది, ఎవరు తింటారు, మనిషి శ్రమ ఎంత, తలకి ఎంత పడుతుంది. ఎవరు తింటారన్నది తేలిగ్గా తీసుకోకండి. మన పెళ్ళిళ్ళలో ఇచ్ఛాపురం, సోంపేట బంధువులతో పాటు ఒడియా ఇరుగుపొరుగు, ఆఫీసువాళ్ళు, మార్వాడీ వ్యాపారులు కూడా వస్తారు. డబ్బా మీద శాకాహారపు ఆకుపచ్చ చుక్క కనబడాలి. మార్ష్‌మెలోలలో సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, కొన్ని చాక్లెట్ల లోపల మద్యం కలిపిన పూరకం ఉంటుంది. వాటి జోలికి వెళ్ళొద్దు. గింజపప్పులు ఉంటే ఆ సంగతి పైన రాయించండి. అయిదేళ్ళలోపు పిల్లలకి పప్పు గింజలు గొంతుకి అడ్డుపడతాయి.

ధరల విషయంలో ఒక జాగ్రత్త. 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది, ఆ తర్వాత దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కాబట్టి నిరుడు ఎవరో చేయించిన ధర పట్టుకుని లెక్క వేయకండి. కొత్త కొటేషన్ తీసుకోండి, అందులో పన్ను ఎంత వేశారో చూడండి.

| రకం | ఎండకి | నిలవ | శ్రమ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| కంపెనీ బారు, పేర్ల తొడుగుతో | తక్కువ | నెలలు | తక్కువ | మాఘ ఫాల్గుణాలు, ఏసీ హాలు |
| ఇంటి కాంపౌండ్ అచ్చులు | మధ్యస్థం | పప్పుతో నెల | చాలా ఎక్కువ | 300 డబ్బాల లోపు |
| పూత జీడిపప్పు | మధ్యస్థం నుంచి మంచి | నెల, నెలన్నర | తక్కువ | వేసవి, దూరపు బంధువులు |
| అసలు కోకో బటర్ బారు | తక్కువ | నెలలు | తక్కువ | కొద్దిమంది ఆప్తులు |
| టాఫీల పొట్లం | మంచి | నెలలు | తక్కువ | 800 మంది దాటిన పెళ్ళి |

కంపెనీ బార్లు, పైన మన కాగితం

అందరికీ తెలిసిన రుచి, పిల్లలు మారు అడగరు, తేదీ, ఆకుపచ్చ చుక్క అన్నీ అచ్చులోనే ఉంటాయి. చేయాల్సిందల్లా పైన ఒక తొడుగు. తప్పులు ఈ తొడుగు దగ్గరే జరుగుతాయి. బారు చేతికొచ్చాకే కొలత తీసి డీటీపీవాళ్ళకి ఇవ్వండి. కంపెనీలు గ్రాములు మారుస్తుంటాయి, నెట్‌లో దొరికిన కొలతతో అచ్చేస్తే కాగితం చాలదు. కంపెనీ రేకు విప్పకూడదు, దాని మీదే తొడగాలి. అంటించడానికి రెండువైపులా అంటే టేపు వాడండి. వేడి గ్లూ గన్ వాడితే అంటించిన చోటే చాక్లెట్ కరుగుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి పడితే రంగు కారుతుంది, పైన లామినేషన్ వేయించుకోండి. ధర, తేదీ, ఆకుపచ్చ చుక్క ఉన్న వెనకవైపు కప్పకుండా వదలండి.

తొడుగు మీద రెండు లిపులూ ఉంటే బావుంటుంది. "శుభ వివాహం" తెలుగులో, "శుభ బిబాహ" ఒడియాలో, కింద వధూవరుల పేర్లు. ఒడియా సంయుక్తాక్షరాలు పాత ఫాంట్లలో విడిపోయి పేరు మారిపోతుంది. ఒడియా చదవగలిగిన మనిషి చేత ప్రూఫు కంప్యూటర్ తెర మీద కాకుండా అచ్చైన కాగితం మీద చూపించాకే మొత్తం వేయించండి.

ఇంట్లో పోసుకునే అచ్చులు

మేనత్తలు, పిన్నులు కూర్చుని చేసే పని కాబట్టి దీనికి పెళ్ళింటి సందడి ఉంటుంది. 300 డబ్బాలు దాటితే మాత్రం ఒద్దు. లెక్క చూడండి. డబ్బాకి మూడు, ఒక్కొక్కటి 12 గ్రాములు అనుకుంటే 900 ముక్కలు, 10.8 కిలోలు. అందులో రెండు కిలోలు వేయించిన జీడిపప్పు పలుకులైతే కాంపౌండ్ 8.8 కిలోలు. గిన్నెలకీ చేతులకీ అంటుకుపోయేదానికి మరి కాస్త కలుపుకుని తొమ్మిదిన్నర కిలోలు, అంటే 500 గ్రాముల పలకలు 19 కొనాలి. 15 గుంటల అచ్చులు ఆరుంటే విడతకి 90 ముక్కలు, పది విడతలు. విడతకి అరగంట చొప్పున అయిదు గంటలు. రేకు చుట్టడం ఇంకా ఎక్కువ పని. ఒక మనిషి నిమిషానికి రెండు చుట్టినా ఏడున్నర గంటలు, నలుగురు కూర్చుంటే రెండు గంటల్లో తెములుతుంది.

చేసే తీరు ఇది. పలకలు సన్నగా తరగండి. పెద్ద గిన్నెలో రెండు అంగుళాల నీళ్ళు మరిగించి పొయ్యి ఆపేయండి. పైగిన్నె నీళ్ళకి తగలకుండా పెట్టి, అందులో తరుగు వేసి కలుపుతూ ఉండండి. 45 డిగ్రీలు చాలు. 55 దాటితే చిక్కబడి గుంటల్లోకి జారదు. ఒక్క చుక్క నీళ్ళు పడ్డా, ఆవిరి చేరినా మొత్తం ఇసుకలా గడ్డకడుతుంది. అది మళ్ళీ అచ్చుకి పనికిరాదు, పిల్లలకి పాలల్లో కలిపి ఇవ్వడానికే. అందుకే గరిటె, అచ్చు, చేతులు పొడిగా ఉండాలి. జీడిపప్పు నూనె లేకుండా దోరగా వేయించి, పూర్తిగా చల్లారాకే వేయాలి. వేడిగా వేస్తే ముక్క చుట్టూ మచ్చ పడుతుంది, వేయించకుండా వేస్తే పప్పు మెత్తబడుతుంది.

అచ్చు నిండాక బల్ల మీద రెండుసార్లు తట్టితే బుడగలు పోతాయి. ఫ్రిజ్‌లో 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే పగులుతాయి. తీశాక వెంటనే చుట్టొద్దు. పొడి గుడ్డ కప్పి గది వేడికి రానిచ్చి చుట్టండి. పెళ్ళికి వారం, పది రోజుల ముందు చేస్తే సరిపోతుంది.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. రుచి పెరుగుతుందని కాంపౌండ్‌లో సగం కంపెనీ చాక్లెట్ కరిగించి కలుపుతారు. రెండు కొవ్వులకీ పొసగదు, ముక్క గట్టిపడక మెత్తగా ఉండిపోయి నాలుగు రోజుల్లో తెల్లబడుతుంది. రుచి కావాలంటే కిలోకి రెండు చెంచాల మంచి కోకో పొడి కలపండి. రెండోది, గంజాం మొగలిపువ్వుకి పేరున్న జిల్లా కదా అని కేవడా నీళ్ళు పోయడం. పైన చెప్పిన నీటిచుక్క కథే. మొగలి వాసన కావాలంటే నూనెలో కలిసే రకం ఎసెన్స్ అడిగి తెచ్చుకుని, కిలోకి రెండు మూడు చుక్కలతో మొదలుపెట్టండి. క్రీము పూరకాలు పెట్టినవి మూడు నాలుగు రోజులకి మించి ఉండవు, పెళ్ళికి పనికిరావు.

ఇంట్లో కాక ఊళ్ళో చేసేవాళ్ళ దగ్గర కొంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు డబ్బా మీద ఉందా చూడండి. ఏ పలకతో చేస్తారో అడగండి. "ప్యూర్ చాక్లెట్" అని చెప్పి కాంపౌండ్ ధర చెప్తే అది కాంపౌండే. కాంపౌండ్ కావడం తప్పు కాదు, వేసవిలో మీకు కావలసింది అదే. ధర మాత్రం దానికి తగ్గట్టుండాలి.

చాక్లెట్ పూత జీడిపప్పు

ఈ జిల్లాలవాళ్ళకి అన్నిటికన్నా నప్పేది ఇదే అని మా గట్టి అభిప్రాయం. పలాస, కాశీబుగ్గ మన గుమ్మంలో ఉన్నట్టే. గంజాం, గజపతి, రాయగడ తోటల్లోనూ జీడి పండుతుంది. ఒడియా అతిథికీ తెలుగు అతిథికీ జీడిపప్పు గౌరవమైన వస్తువు. పూత కాస్త మెత్తబడినా లోపల పప్పు ఉంటుంది కాబట్టి చేతికిచ్చింది వృథా కాదు.

పూతకి గుండు పప్పులో 320 రకం చాలు. ఆ అంకె పౌనుకి (సుమారు 454 గ్రాములకి) ఎన్ని పప్పులో చెప్తుంది, అంటే ఒక్కొక్కటి దాదాపు 1.4 గ్రాములు. 180, 210 రకాలు పెద్దవి, ఖరీదైనవి. పూతలో ఆ పెద్దతనం కనబడదు, ఆ డబ్బు దండగ. పప్పుకి సమానంగా పూత పడితే గింజ సుమారు మూడు గ్రాములవుతుంది, 50 గ్రాముల పొట్లంలో 16, 17 వస్తాయి. పైన చక్కెర పెంకు ఉన్న రంగు రకం ఎండకి ఇంకా బాగా ఆగుతుంది, ఒకదానికొకటి అంటుకోదు. మెరుపు కోసం లక్క పూత వేస్తారు. అది పురుగు నుంచి వచ్చే పదార్థం కాబట్టి జైనులు, నిష్ఠ గలవాళ్ళు ఉంటే ముందే అడిగి, ఆ పూత లేనిది చేయించుకోండి.

పొట్లానికి లోపల రేకు పొర ఉన్న జిప్ కవరు తీసుకోండి. అద్దంలా కనిపించే ఉత్త ప్లాస్టిక్ కవరు చూడ్డానికి బావుంటుంది గాని వాసన, తడి ఆపదు. తెల్లటి నెట్ గుడ్డ సంచులు ఈ పనికి అసలే ఒద్దు.

కోకో బటర్ బార్లు

కోకో పంటలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య అంతరపంటగా వేస్తారు. ఆ గింజలతో చేసిన బార్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, మన పంట అని చెప్పి ఇవ్వడంలో ఒక తృప్తి ఉంది. కానీ వంద మందికీ ఇచ్చే వస్తువు కాదు. 70 శాతం కోకో అయితే చేదు, చాలామంది ఒక ముక్క కొరికి పక్కన పెడతారు. 45 నుంచి 55 శాతం తీసుకుని, వియ్యాలవారికీ ముప్పై నలభై మంది ఆప్తులకీ ఇవ్వండి. ఇంట్లో కరిగించి మళ్ళీ పోసే ఆలోచన మానుకోండి. డార్క్‌ని 45కి కరిగించి, 27, 28కి దించి, 31, 32కి మళ్ళీ పెంచితేనే మెరుపూ గట్టిదనమూ వస్తాయి. థర్మామీటరు లేకుండా అది కుదరదు.

టాఫీలు

పెద్ద ఊరి పెళ్ళి, భోజనాలకి 800 మంది, డబ్బు చూసుకోవాలి. అలాంటప్పుడు అయిదారు ఎక్లెయిర్స్ రకం టాఫీలు రేకు పొట్లంలో వేసి ఇస్తే చాలు. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఎవరు ఏది తీసుకోవాలి?

బరంపురంలో వైశాఖ ముహూర్తం, ఏసీ లేని మండపం అయితే పూత జీడిపప్పే. కంపెనీ బార్లు మీద మనసుంటే ఏసీ ఉన్న విడిది గది ఒకటి వాటికోసమే కేటాయించి, 50 చొప్పున బయటికి తెచ్చి పంచే మనిషిని పెట్టండి. ఆ మనిషి దొరకకపోతే ఆ ఆలోచన మానేయండి. మాఘంలో పర్లాకిమిడి, 250 కుటుంబాలు, ఇంట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఖాళీగా ఉంటే అచ్చులు పోసుకోండి. ఆ ముచ్చట వేరే వాటికి రాదు. అతిథుల్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఎక్కువైతే "షుగర్‌లెస్" చాక్లెట్లకి పోకండి. వాటిలో చక్కెర బదులు వాడే మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు ఎక్కువ తింటే కడుపు చెడుతుంది. పూత లేని వేయించిన జీడిపప్పు పొట్లాలు కొన్ని పక్కన పెట్టుకోండి. మల్కన్‌గిరి, జయపురం నుంచి బస్సులో వచ్చి అదే రోజు తిరిగి వెళ్ళేవాళ్ళకి కూడా అవే ఇవ్వండి, ఏ పాల చాక్లెట్టూ ఆ ప్రయాణానికి ఆగదు.

విశాఖలో చేయిస్తే బరంపురానికి రైలు మార్గం సుమారు 270 కిలోమీటర్లు, రాత్రి బండిలో తెప్పించండి. కోరాపుట్ వైపు కారులో తెస్తే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేలోపే ఎండ ముదరకుండా తెల్లవారుజామున బయల్దేరాలి. థర్మాకోల్ పెట్టెలో జెల్ ప్యాకులని పాత పేపర్లో చుట్టి పెట్టండి. ఐసు ముక్కలు ఒద్దు, జెల్ ప్యాకు డబ్బాకి నేరుగా తగలకూడదు. ఊరు చేరాక పెట్టె మూత వెంటనే తీయకండి. రెండు మూడు గంటలు అలాగే ఉంచి గది వేడికి వచ్చాక తెరిస్తే చెమట పట్టదు.

ఆర్డరు ఇవ్వడానికి ముందు ఒక పరీక్ష చేయండి. నచ్చిన రెండు రకాలు నాలుగేసి తెప్పించండి. ఒక జతని ఆకు, పండు, పసుపు పొట్లంతో తాంబూలం సంచిలో రాత్రంతా ఉంచండి. ఇంకో జతని మధ్యాహ్నం మూడు గంటలసేపు నీడన ఆపిన కారులో ఉంచండి. మర్నాడు విప్పి, ఇంట్లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ తినిపించండి. ఏది తేవాలో వాళ్ళే చెప్తారు.

సంఖ్య తలలతో కాక కుటుంబాలతో లెక్క వేసి, పదో వంతు ఎక్కువ చెప్పండి. మిగిలినవి సత్యనారాయణ వ్రతానికి వచ్చే ముత్తయిదువులకి సరిపోతాయి. ఇంకా మిగిలితే సారెతో పంపండి, అరిసెల బుట్టలో కాకుండా వేరే డబ్బాలో. అరిసెల నూనె చాక్లెట్ రేకుకి అంటితే మరక పోదు.